పెట్రోలు ఎక్కడికి పోతున్నది?

పిల్లలూ! ధవళేశ్వరం దగ్గర గోదావరిని మీలో చాలామంది చూసే ఉంటారు. సర్ ఆర్థర్ కాటన్ అక్కడ 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి పూర్తిచేయించాడు. ఇప్పుడు దాని స్థానంలో బారేజి ఉన్నది. అక్కడ కాలవల్లోకి వదిలిన నీరంతా పొలాలకు చేరుతుందా? చేరదు. కొంత ఎండకు ఆవిరైపోతుంది. కొంత గట్లలో ఇంకిపోతుంది. కొంత గండ్లగుండా పోయి మురుగుకాలవలో పడుతుంది. ఇవన్నీ పోగా మిగిలినదే శివారు చేనుకు అందుతుంది. అందుచేత శివారు రైతు, "తల దగ్గర నీరు ఎంత వదిలారు?" అని అడిగి ఊరుకోడు. "నా చేనుకు ఎంత చేరింది?" అని చూసుకుంటాడు.

మోటారు కారు సంగతీ ఇంతే. టాంకీలో పోసిన పెట్రోలు, కాలవ తల దగ్గర వదిలిన నీరు వంటిది. కారు చక్రం శివారు చేను వంటిది. పాత కారులో పెట్రోలుకున్న శక్తిని 100 పాళ్ళు అనుకుంటే, చక్రానికి చేరేది సుమారు 15 నుంచి 20 పాళ్ళు మాత్రమే! మిగతా 80 పాళ్ళూ ఏమైనట్టు? అది పోయే దారులను ఒక్కొక్కటిగా పట్టుకుని, మూయటానికి వీలైన గండ్లను ఎట్లా మూయాలో తెలుసుకుందాం.

ఒక హుషారు కారు

ఇందుకు మనం ఒక పాత కారును ఎంచుకుందాం. దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. మిచెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు దీని ఆకారాన్ని రూపొందించాడు. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో ఇది 1959లో వెలువడింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు దీనిని తయారుచేశారు. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించినవి గుండ్రంగా, బరువుగా ఉండే అంబాసిడర్లూ, ఫియెట్లూను. వాటి మధ్య రెండే తలుపులతో, అంచులు తేరి, చిన్న చోటులో చటుక్కున తిరిగే హెరాల్డు పడుచువాళ్ళకు ఎంతో షోకుగా కనిపించేది. దీని చట్రాన్నే కొద్దిగా మార్చి ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అనే పందెపు తరహా కారును కూడా తయారుచేశారు.

హెరాల్డులో ఒక తమాషా ఉన్నది. దాని ముందుభాగం మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలిపోతుంది. ఇంజనూ, ముందు చక్రాలూ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. కనక పాఠం చెప్పటానికి ఇది మంచి కారు. మొదట్లో వచ్చిన హెరాల్డు ఇంజను పరిమాణం 948 ఘనపు సెంటీమీటర్లు. అంటే నాలుగు సిలిండర్లూ కలిపి లీటరు సీసాకంటె కొంచెం తక్కువ.

ఇటువంటి కారు ఒకటి అమలాపురంలోనో, భీమవరంలోనో ఒక తాతగారి షెడ్డులో ఉన్నదనుకోండి. "లీటరుకు 9 కిలోమీటర్లు కూడా రావటం లేదు, అమ్మేద్దాం!" అని ఇంట్లో వాళ్ళు అంటున్నారనుకోండి. అమ్మేముందు మనం దాన్ని ఒకసారి పరీక్షించి చూద్దాం.

ఎండకు పోయే నీరు

సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి మండుతాయి. ఆ మంటకు వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి నెడతాయి. కాని వేడి అంతా నెట్టటానికే ఖర్చు కాదు. సుమారు మూడోవంతు, వేడి పొగగా సైలెన్సరుగుండా బయటికి పోతుంది. దాదాపు అంతే వేడిని రేడియేటరులోని నీళ్ళు పట్టుకుపోయి గాలికి అప్పగిస్తాయి. ఇంజనులోని భాగాలు ఒకదానితో ఒకటి రాసుకోవటంలో కొంత పోతుంది. ఇది ఎండకు కాలవ నీరు ఆవిరైపోవటం లాంటిది. దీన్ని మనం ఆపలేము. మంచి నూనె, సరి అయిన చిక్కదనం గలది, వేళకు మార్చటం మటుకు మన చేతిలో ఉన్న పని.

ఇక మనం పూడ్చగల గండ్లు చూద్దాం.

మొదటి గండి: గాలి చాలని మంట

పొయ్యిలో పుల్లలు కిక్కిరిసేటట్టు పెడితే ఏమవుతుంది? మంట రాదు, పొగ వస్తుంది. గిన్నె అడుగున మసి పడుతుంది. పెట్రోలు కూడా అంతే. ఒక కిలో పెట్రోలు చక్కగా మండటానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చెబితే, ఒక్క లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి! ఈ పాళ్ళు కలిపే పని పాత కార్లలో కార్బ్యురేటరుది.

మన ప్రాంతంలో నూర్పిళ్ళ కాలంలో గాలి నిండా దుమ్మూ, పొట్టూ ఉంటాయి. అది ఎయిర్ ఫిల్టరులో పేరుకుంటే గాలి సరిగా రాదు. పెట్రోలు పాలు ఎక్కువైపోతుంది. ఫిల్టరును శుభ్రం చేయటానికో, మార్చటానికో అయ్యే ఖర్చు చాలా తక్కువ.

తరవాత చోకు సంగతి. చల్లని ఇంజను సులువుగా అంటుకోవటానికి చోకు బొత్తాము లాగుతారు. అప్పుడు గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంగ్లండు చలికి అది చాలాసేపు కావాలి. గోదావరి జిల్లాల వేసంగిలో నిమిషం కూడా అక్కరలేదు. కాని కొందరు లాగిన బొత్తామును తిరిగి నొక్కటం మరిచిపోతారు. కొన్ని పాత కార్లలో తీగ తుప్పుపట్టి, నొక్కినా చోకు పూర్తిగా తెరుచుకోదు.

ఇంజను లోపల మంట ఎట్లా ఉన్నదో తెలిసేదెట్లా? స్పార్కు ప్లగ్గు విప్పి చూస్తే అది సాక్ష్యం చెబుతుంది. దాని కొన కాటుకలాగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. సున్నంలాగా తెల్లబడి ఉంటే గాలి ఎక్కువైంది. ఇంజను వేడెక్కి చెడిపోతుంది. లేత బెల్లపు రంగులో ఉంటే పాళ్ళు కుదిరినట్టే. నిప్పురవ్వ రావలసిన క్షణానికి కొంచెం ముందూ వెనకలుగా వచ్చినా నష్టమే. అందుకే మెకానిక్కు పాయింట్ల సందూ, టైమింగూ కొలిచి సరిచేస్తాడు.

ఇవన్నీ పెద్దల ఎదుట, తెలిసిన మెకానిక్కు చేత చేయించవలసిన పనులు. పెట్రోలు ఆవిరి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. కనక మీరు చేతులు వెనక్కు కట్టుకుని, కళ్ళు మటుకు బాగా తెరిచి చూడండి.

రెండవ గండి: గాలితో పోట్లాట

పూర్వం మన కాలవల మీద ధాన్యపు పడవలు తిరిగేవి. ఒకరిద్దరు మనుషులు గట్టు మీద తాడు పట్టుకుని నడుస్తూ, ఎన్నో బస్తాలున్న పడవను లాక్కుపోయేవారు. నడిచినంతసేపు పడవ సాఫీగా సాగేది. అదే పడవను పరుగెత్తుతూ లాగాలంటే పదిమంది పట్టినా అలిసిపోవలసిందే. వేగం పెరిగినకొద్దీ నీరు అంతకంతకు ఎక్కువగా అడ్డుతుంది.

గాలి కూడా ఇట్లాగే అడ్డుతుంది. ఇందులో ఒక లెక్క ఉన్నది: వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగాన పోయే కారును గాలి ఎంత బలంతో అడ్డుతుందో, 80 కిలోమీటర్ల వేగాన పోయేదాన్ని దానికి రెండున్నర రెట్ల బలంతో అడ్డుతుంది. 80ని 80తో హెచ్చవేసి, 50ని 50తో హెచ్చవేసి, మొదటిదాన్ని రెండవదానితో భాగించి చూసుకోండి.

పెట్రోలు పొదుపుకోసం 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రిసెర్చ్ అసోసియేషన్ వారు కూడా గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగమే మంచిదని చెబుతున్నారు. అయితే, మెల్లగా పోవాలని రెండో గేరులోనే ఇంజనును రొద పెట్టించటం పొదుపు కాదు. ఇంజను మూలగకుండా ఎంత పై గేరులో పోగలిగితే అంత మంచిది.

మూడవ గండి: బ్రేకు కింద పెట్రోలు

అన్నిటికన్నా పెద్ద గండి ఇది. అయినా ఎవరికీ కనిపించదు.

తూర్పు కనుమలలో మారేడుమిల్లి ఘాటు ఎక్కాలంటే బరువును పైకి మోయటానికి పెట్రోలు పోతుంది. మన డెల్టా చాపలాగా చదునుగా ఉంటుంది. ఎక్కవలసిన కొండ లేదు. మరి పెట్రోలు ఎందుకు తక్కువ కావటం లేదు? పల్లె తరవాత పల్లె, మలుపు తరవాత మలుపు, గేదెల మంద, సైకిళ్ళు, రిక్షాలు, రైలు గేటు! కారు ఉరకటం, ఆగటం, మళ్ళీ ఉరకటం. ఇదే కారణం.

లెక్క కట్టి చూద్దాం. మనుషులతో కలిపి కారు బరువు 900 కిలోలు అనుకోండి. అది గంటకు 60 కిలోమీటర్ల వేగాన పోతుంటే దానిలో సుమారు 1,25,000 జౌళ్ళ శక్తి చేరి ఉంటుంది. ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉన్నా, అందులో అయిదోవంతు, అంటే 64 లక్షల జౌళ్ళు, చక్రానికి చేరితే గొప్పే. 64 లక్షలను 1,25,000తో భాగిస్తే ఎంత వచ్చింది? యాభై ఒకటి. అంటే, 60 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు యాభైసార్లు బ్రేకు తొక్కి కారు ఆపితే, ఒక లీటరు పెట్రోలు బ్రేకు డ్రమ్ములలో వేడిగా మారిపోయిందన్నమాట! ఒక్కసారి ఆపితే సుమారు నాలుగు చిన్న చెంచాల పెట్రోలు.

అయితే బ్రేకు తొక్కకూడదా? తొక్కాలి! అవసరమైనప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తొక్కాలి. పొదుపు చేయవలసింది బ్రేకులో కాదు, ఆ బ్రేకు తొక్కే అవసరం తెచ్చిపెట్టిన ఉరుకులో. దూరంగా గేటు పడటం కనిపిస్తూనే ఉన్నది. అప్పుడు కూడా యాక్సిలరేటరు తొక్కుతూ పోయి, గేటు ముందు గట్టిగా బ్రేకు కొట్టేవాడు పెట్రోలును రోడ్డు మీద పోసినట్టే. ముందుగానే కాలు తీసి, బండి తనంత తాను నెమ్మదించేటట్టు చేసేవాడు తెలివైన డ్రైవరు. హుషారు కార్లకు ఎక్కువ పెట్రోలు కావటానికి సగం కారణం కారులో లేదు, డ్రైవరు కుడికాలులో ఉన్నది. ఎందుకంటే, యాక్సిలరేటరును దబ్బున తొక్కినప్పుడల్లా చాలా కార్బ్యురేటర్లలో ఒక చిన్న పంపు అదనంగా పెట్రోలు చిమ్ముతుంది.

గేటు దగ్గర ఆగిన తరవాత ఇంజను ఆపెయ్యాలి. ఊరికే తిరిగే పాత ఇంజను గంటకు అరలీటరుకు పైగానే తాగుతుంది. ఒక్క అడుగు కూడా నడవకుండా!

చిన్న చిన్న గండ్లు

టైర్లలో గాలి తగ్గితే ఏమవుతుందో సైకిలు తొక్కే మీకు వేరే చెప్పనక్కరలేదు. కారుకు ఒక్కొక్క టైరులో 10 పౌన్ల గాలి తగ్గితే నూటికి సుమారు రెండు వంతుల పెట్రోలు అదనంగా పోతుంది. టైరు కూడా త్వరగా అరిగిపోతుంది.

మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. నిలిపి ఉంచిన కారు బ్రేకులు తుప్పుపట్టి, కాలు తీసినా చక్రాన్ని పట్టుకునే ఉంటాయి. కారును జాకీ మీద ఎత్తి చేతితో చక్రం తిప్పితే తెలిసిపోతుంది. చక్రం తేలికగా తిరగాలి. బరబరమని ఆగిపోతే, ఆ కారు పగలంతా బ్రేకు తొక్కుకునే తిరుగుతున్నదన్నమాట. డిక్కీలో మోస్తున్న అనవసరపు బరువు సంగతి కూడా చూసుకోవాలి.

చెరకు నుంచి పెట్రోలులోకి

ఈ రోజుల్లో బంకులో పోసేది ఉత్త పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ అనే ఆల్కహాలు కలుస్తున్నది. 2025 నాటికి ఇది మన దేశంలో నూటికి 20 పాళ్ళకు చేరింది. చెరకు రసంనుంచి చక్కెర తీయగా మిగిలిన మడ్డినుంచీ, నూకలనుంచీ, మొక్కజొన్ననుంచీ దీనిని తీస్తారు. చెరకునుంచి ఆల్కహాలు తీయటం మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. తణుకులో 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ చక్కెరతో పాటు ఆల్కహాలు కూడా తయారుచేసింది. ఆ సంస్థే తరవాత మన రాకెట్లకు కావలసిన ద్రవ ఇంధనం కూడా అందించింది!

విదేశీ చమురు కొనటం తగ్గించటానికి ఇథనాల్ పనికివస్తుంది. కాని లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. కనక 20 పాళ్ళు కలిపినప్పుడు లీటరుకు వచ్చే శక్తి నూటికి ఆరేడు వంతులు తగ్గుతుంది. అంతేకాదు. హెరాల్డు పుట్టిన కాలపు రబ్బరు గొట్టాలూ, వాషర్లూ ఇథనాల్‌కు తట్టుకునేటట్టు చేసినవి కావు. అవి ఉబ్బి, పగిలి కారవచ్చు. ఆ కారటం ఖర్చే కాదు, నిప్పు ప్రమాదం కూడా. పాత గొట్టాలు తీసేసి, ఇథనాల్‌కు తట్టుకునే కొత్త గొట్టాలు వేయించాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనక, వానాకాలంలో టాంకీలో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకూడదు.

నమ్మకూడనివి

పెట్రోలు గొట్టానికి కట్టే అయస్కాంతాలనీ, టాంకీలో వేసే మాత్రలనీ సంతలో మందు అమ్మినట్టు అమ్మేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఇటువంటివి 100కు పైగా పరీక్షించింది. చాలావాటితో ఏమీ ఒరగలేదు. ఏదో కొద్దిగా మేలు చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

గోదావరి వంతెన దిగేటప్పుడు ఇంజను ఆపి బండి దొర్లించటం కొందరికి గొప్ప పొదుపుగా తోస్తుంది. అది ప్రాణంతో చెలగాటం. చాలా కార్లలో ఇంజను ఆగితే బ్రేకు గట్టిపడుతుంది. తాళంచెవి తీస్తే స్టీరింగు చక్రమే బిగుసుకుపోవచ్చు. చెంచాడు పెట్రోలుకు ప్రాణం ఖరీదు కట్టకూడదు.

మీరు చేయగల పరీక్ష

ఇప్పుడు మీకొక పని. ఒక నోటుపుస్తకం తీసుకోండి. కారు టాంకీని నిండా పోయించి, మీటరు మీద అంకె రాసుకోండి. మామూలుగా తిరగనివ్వండి. మళ్ళీ అదే బంకులో నిండా పోయించి, ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయండి. 180 కిలోమీటర్లకు 20 లీటర్లు పట్టితే, లీటరుకు 9. గండ్లు పూడ్చిన తరవాత 216 కిలోమీటర్లకు 18 లీటర్లే పట్టితే, లీటరుకు 12. ఒక్కసారితో నమ్మకండి, మూడు నాలుగుసార్లు చూడండి. పాత కారు మీటరు మైళ్ళలో ఉండవచ్చు, మైలుకు 1.6 కిలోమీటర్లు. మీటరు నిజం చెబుతున్నదో లేదో రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళతో సరిచూడండి.

ఇందులో ఒక వింత ఉన్నది. 9 వచ్చే కారుకు 12 వస్తే, 1,000 కిలోమీటర్లకు 111 లీటర్లకు బదులు 83 లీటర్లు చాలు. మిగులు 28 లీటర్లు. 20 వచ్చే కొత్త కారుకు 23 వచ్చినా పెరిగింది అదే మూడు. కాని అక్కడ మిగిలేది ఆరున్నర లీటర్లే! ఎక్కువ తాగే బండిని బాగుచేస్తేనే ఎక్కువ మిగులుతుంది. కనక "పాత కారు, దానికెందుకు శ్రమ?" అనేవారికి ఈ లెక్క చూపించండి.

ఇంత లెక్క ఎందుకు?

డబ్బు మిగలటం ఒక్కటే కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, మన బస్సులకు వెనక బొగ్గుపొయ్యి కట్టి, బొగ్గు గ్యాసుతో నడిపించారు. ఇప్పటికీ మన దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా విదేశాలనుంచే వస్తున్నది.

మన డెల్టా కింద కూడా చమురూ, గ్యాసూ ఉన్నాయి. 1970ల చివర నరసాపురం దగ్గర మొదలైన తవ్వకాలు కోనసీమ అంతటా వ్యాపించాయి. తాటిపాకలో 2001లో ఒక చిన్న చమురు శుద్ధి కర్మాగారం కూడా వెలిసింది. కాని భూమి దాన్ని ఊరికే ఇవ్వలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావినుంచి గ్యాసు ఎగదన్ని అంటుకుని, 65 రోజులు మండింది. కొబ్బరితోటలు మాడిపోయాయి, చుట్టుపక్కలవాళ్ళు ఇళ్ళు వదిలిపోవలసి వచ్చింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు.

లీటరు పెట్రోలు మండితే 2 కిలోల 300 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అది భూమిని వేడెక్కిస్తుంది, సముద్రమట్టం పెరుగుతుంది. మన డెల్టా పల్లపు భూమి అని మీకు తెలుసు.

కోట్ల సంవత్సరాలు భూమిలో ఊరి, మనుషుల ప్రాణాలకు తెగించి బయటికి తీసిన వస్తువు పెట్రోలు. దానిలో నాలుగు చెంచాలు గేటు ముందు బ్రేకు కింద పారబోయటం న్యాయమా? ఈసారి మీ నాన్నగారి పక్కన కూర్చుని ప్రయాణం చేసేటప్పుడు, ఆయన ఎన్నిసార్లు బ్రేకు తొక్కారో మెల్లగా లెక్కపెట్టండి. ఇల్లు చేరిన తరవాత ఆ అంకెను 50తో భాగించి, మర్యాదగా ఆయనకు చూపించండి.